బల్ల మీద ఫోన్లు, బీరువాలో నివేదిక

వికారాబాద్, తాండూరు, కొడంగల్, దౌల్తాబాద్ - ఈ వైపు ఏ ఊరికి పోయినా స్నేహితుణ్ణి స్నేహితుడు అనరు. దోస్తు అంటారు. ఫారసీ నుంచి ఉర్దూలోకి, ఉర్దూ నుంచి తెలుగులోకి నడిచొచ్చిన మాట అది. కాపుల పిల్లగాడైనా, మాదిగల పిల్లగాడైనా, సాయిబుల పిల్లగాడైనా ఒకరినొకరు ఆ మాటతోనే పిలుచుకుంటారు. ఊరి పేరూ అలాంటిదే. దౌలత్ అంటే సంపద. ఆబాద్ అంటే జనం కాపురమున్న చోటు. తెలుగు నోట్లో నలిగి దౌల్తాబాద్ అయింది. ఆ పేరు పలికేటప్పుడు ఎవరూ మతం గుర్తుచేసుకోరు. మాటల్లో ఇంతగా కలిసిపోయిన వాళ్లం. మరి మనసుల్లో ఎంత కలిశాం? ఒకరి దగ్గర ఒకరం దాచుకున్నదెంత? ఆ దాచుకున్నది బయటపడితే మిగిలే దోస్తానా ఎంత?

ఈ ప్రశ్న చుట్టూ అల్లిన సినిమా ఒకటి ఈమధ్య ప్రపంచమంతా తిరిగింది. 2016లో ఇటలీలో పావ్లో జెనోవేజె అనే దర్శకుడు తీశాడు. దాని పేరుకు అర్థం 'అచ్చమైన అపరిచితులు'. కథ చిన్నది. చంద్రగ్రహణం రాత్రి ఒక ఇంట్లో ఏడుగురు భోజనానికి కూర్చుంటారు. మూడు జంటలు, ఒంటరిగా వచ్చిన ఒక మిత్రుడు. ఇంటావిడ ఒక ఆట ప్రతిపాదిస్తుంది. అందరూ ఫోన్లు బల్ల మీద పెట్టాలి. ఆ రాత్రి వచ్చే ప్రతి సందేశాన్నీ పైకి చదవాలి. ప్రతి కాల్‌నూ అందరికీ వినిపించేలా మాట్లాడాలి. 'మన మధ్య దాచేదేముంది?' అనుకుంటూ కూర్చున్న వాళ్లు భోజనం పూర్తయ్యేసరికి ఒకరికొకరు అపరిచితులైపోతారు.

ఈ కథను దేశదేశాల వాళ్లు తమ భాషల్లోకి మార్చుకున్నారు. 2019 నాటికే 18 సార్లు పునర్నిర్మాణం జరిగిందని గిన్నిస్ వాళ్లు రికార్డుగా గుర్తించారు. టర్కీలో, కొరియాలో తీశారు. తాండూరు దాటితే వినిపించే కన్నడంలో 2018లో 'లౌడ్ స్పీకర్' వచ్చింది. మలయాళంలో 2022లో వచ్చిన 'ట్వెల్త్ మ్యాన్'లోనూ ఇలాంటి ఆటే ఉంది. తెలుగులో 2023లో 'రిచిగాడి పెళ్లి', హిందీలో 2024లో 'ఖేల్ ఖేల్ మే' వచ్చాయి. ఒక్క కథ ఇన్ని భాషల్లో ఇమిడిందంటే కారణం ఫోను కాదు. దోస్తులమని చెప్పుకునే వాళ్ల మధ్య దాచిన సంగతి ఉండటం అన్ని సమాజాలకూ అనుభవమే. ఏది దాచారన్నదే దేశానికో రకంగా మారుతుంది.

2022 జనవరిలో అరబ్బీ రూపం వచ్చినప్పుడు ఈజిప్టులో పెద్ద గొడవైంది. పార్లమెంటు సభ్యుడొకరు సినిమాను ఆపాలన్నాడు. నటి మోనా జకీని నానా మాటలన్నారు. అక్కడి నటీనటుల సంఘం ఆమె పక్షాన నిలబడాల్సి వచ్చింది. ఆ సినిమాలో దోస్తులు ఒకరినొకరు మోసం చేసుకుంటారు, భార్యాభర్తలు అబద్ధాలాడతారు. వాటి గురించి ఎక్కువమంది బాధపడలేదు. వాటిని తెర మీద చూపించడమే నేరమైంది. ఇది ఒక్క ఈజిప్టు జబ్బనీ, ముస్లిం సమాజాల జబ్బనీ అనుకుని మన సెక్యులర్ మిత్రులు తృప్తిపడనక్కర్లేదు. జరిగిన దానికంటే జరిగిందని చెప్పడమే పెద్ద తప్పుగా చూసే అలవాటు మన దేశానికీ ఉంది. అది ఎంతటి అలవాటో ముందు ముందు చూద్దాం.

ఇటాలియన్ సినిమాలో మన గుండెకు తగిలే ఘట్టం ఒకటుంది. ఒంటరిగా వచ్చిన మిత్రుడి పేరు పెప్పె. అతను పురుషుణ్ణి ప్రేమించినవాడు. ఆ సంగతి తన దోస్తులకు ఎన్నడూ చెప్పలేదు. లేలె అనే ఇంకో మిత్రుడికి రోజూ రాత్రి పదింటికి ఒక స్త్రీ నుంచి ఫొటో వస్తుంది. అది భార్య కంటపడకూడదని, పెప్పె ఫోనూ తన ఫోనూ ఒకేలా ఉన్నాయి గనుక వాటిని తారుమారు చేయిస్తాడు. ఇక పెప్పె ప్రియుడి సందేశాలు లేలె ముందున్న ఫోనుకు వస్తాయి. ఆ రహస్యం లేలెదేనని అందరూ అనుకుంటారు. అప్పటిదాకా మామూలు మనిషిగా ఉన్నవాడు ఒక్క క్షణంలో 'వాడు' అయిపోతాడు. భార్య చూపు మారుతుంది. చిన్ననాటి నేస్తం, ఇన్నేళ్లూ మమ్మల్ని మోసం చేశావంటాడు. అప్పటివరకూ వేసుకున్న జోకులన్నిటికీ కొత్త అర్థాలు పుడతాయి. తనది కాని గుర్తింపును కొన్ని గంటలు మోసి, తన మిత్రుడు ఇన్నేళ్లూ ఏం మోశాడో లేలె తెలుసుకుంటాడు. చివరకు పెప్పె తానే నోరు విప్పి నిజం చెబుతాడు. ప్రేమించిన మనిషిని ఈ దోస్తుల ముందుకు ఎందుకు తేలేదో ఆ రాత్రి అందరికీ అర్థమవుతుంది. దోస్తుల నుంచే అతన్ని కాపాడుకోవాల్సి వచ్చింది.

ఆ సినిమాలో ముస్లిం ఎవరూ లేరు. అయినా పెప్పె స్థితి మనకు కొత్త కాదు. ముస్లిం పేరుతో మెజారిటీ మిత్రుల మధ్య బతికే ప్రతివాడికీ ఆ బల్ల తెలుసు. 'నువ్వు మావాడివే భయ్, వాళ్లలాంటోడివి కాదు' అనే మెచ్చుకోలు మనం వినని రోజు తక్కువ. అన్నవాడు ప్రేమతోనే అంటాడు. కానీ ఆ మాటలో 'వాళ్లు' ఎవరో మనకు తెలుసు. మన అమ్మీ, మన అబ్బా, మన గల్లీ మొత్తం ఆ 'వాళ్లు'లోనే ఉన్నారు. పట్నంలో కిరాయి ఇల్లు వెతికేటప్పుడు పేరు చెప్పగానే గది నిండిపోతుంది. అందుకే కొందరు పేరు కుదించుకుంటారు, కొందరు ముద్దుపేరుతో గడిపేస్తారు. పరీక్ష రాసే అమ్మాయి బుర్ఖా మడిచి సంచిలో పెట్టుకుంటుంది. ఇవన్నీ మన చిన్న చిన్న రహస్యాలు. వీటిని మోసాలనొచ్చా? దెబ్బ తగలకుండా చెయ్యి అడ్డం పెట్టుకోవడాన్ని మోసమంటే ఎట్లా?

అదే సినిమాలో ఇంకో చిన్న సంగతి ఉంది. మిత్రులంతా ఫుట్‌బాల్ ఆడుకోవాలని అనుకుంటారు, పెప్పెకు మాత్రం చెప్పరు. ఫోను మోగడంతో అది బయటపడుతుంది. తక్కినవి పెద్ద ద్రోహాలు కావచ్చు, నొప్పి మాత్రం ఇందులోనే ఎక్కువ. ఇవాళ ఇలాంటిది చాలా మందికి అనుభవమే. చిన్ననాటి బడి మిత్రుల వాట్సాప్ గ్రూపు ఒకటుంటుంది. అందులో మనమూ ఉంటాం. మనం లేని ఇంకో గ్రూపు పక్కనే ఉంటుంది. ఈ గ్రూపులో ఈద్ ముబారక్ పెట్టిన చెయ్యే ఆ గ్రూపులో మన మీద పుట్టిన అబద్ధాన్ని ఇంకొకరికి పంపుతుంది. పొరపాటున ఒకనాడు ఆ సందేశం ఈ గ్రూపులో పడుతుంది. రెండు నిమిషాల్లో తుడిచేస్తారు. చూసినవాళ్లు చూడనట్టే ఉంటారు. మనమూ చూడనట్టే ఉంటాం. సినిమాలో కూడా చివరకు అంతే. గ్రహణం విడిచాక అసలు ఆట ఆడనట్టే, ఏమీ బయటపడనట్టే అందరూ ఇళ్లకు పోతారు. దర్శకుడు చూపించినది ఇద్దరు ముగ్గురి కాపురాల సంగతి. మన దగ్గర ఊళ్లకు ఊళ్లే అట్లా ఇళ్లకు పోతున్నాయి.

సినిమా ఆటకూ మన ఆటకూ ఒక తేడా ఉంది. అక్కడ ఏడుగురూ ఒకేసారి ఫోన్లు పెట్టారు. నియమం అందరికీ ఒకటే. మన దగ్గర బల్ల మీద ఫోన్ పెట్టమని అడిగేది ఎప్పుడూ ఒకరినే. 2007 మే 18న హైదరాబాద్ మక్కా మసీదులో బాంబు పేలింది. చనిపోయినవాళ్లు నమాజుకు వచ్చినవాళ్లు. ఆ తర్వాత పోలీసులు పట్టుకుపోయిందీ ముస్లిం యువకులనే, పదుల సంఖ్యలో. వాళ్ల మీద పెట్టిన కేసులు కోర్టుల్లో నిలబడలేదు. 2011-12లో రాష్ట్ర ప్రభుత్వం వాళ్లకు నష్టపరిహారం ఇచ్చింది. మచ్చ లేని మనుషులని ధ్రువపత్రాలూ ఇచ్చింది. 2013లో హైకోర్టు ఆ పరిహారం ఉత్తర్వును కొట్టేసింది. ధ్రువపత్రం సంగతే ఆలోచించండి. ఈ దేశంలో మంచివాడినని కాగితం చూపించాల్సిన పని ఎవరికి పడుతుంది?

2021 అక్టోబరులో హైదరాబాద్ వీధుల్లో సినిమా ఆటే నిజంగా జరిగింది. పోలీసులు దారిన పోయేవాళ్లను ఆపి, ఫోన్లు తెరిపించి, వాటిలో 'గంజాయి' అనే మాట ఉందేమోనని వెతికారు. ఆ దృశ్యాలు దేశమంతా చూసింది. అంతకు నాలుగేళ్ల ముందే, 2017 ఆగస్టు 24న, పుట్టస్వామి కేసులో సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తులతో వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కని తీర్పు చెప్పింది. హక్కు పుస్తకంలో ఉంది. ఫోను పోలీసు చేతిలో ఉంది. బలహీనుడి జేబు ఎప్పుడూ తెరిచే ఉండాలి, బలవంతుడి బీరువా ఎప్పుడూ మూసే ఉండాలి - ఇదీ మన ఆట నియమం.

ఆ బీరువాల్లో ఒకదాని కథ ఈ ప్రాంతానిదే. ఇప్పుడు వికారాబాద్ జిల్లాలో ఉన్న తాండూరు, కొడంగల్ 1956 దాకా నిజాం నాటి గుల్బర్గా జిల్లా తాలూకాలు. రాష్ట్రాల పునర్విభజనలో అవి గుల్బర్గా నుంచి విడిపోయి ఆంధ్రప్రదేశ్‌లో కలిశాయి. 1948 సెప్టెంబరు 13న భారత సైన్యం హైదరాబాద్ సంస్థానంలోకి దిగింది. అయిదు రోజుల్లో అంతా అయిపోయింది. దాన్ని పోలీసు చర్య అన్నారు. చర్య అయిపోయిన తర్వాత మొదలైన దానికి మాత్రం ఎవరూ పేరు పెట్టలేదు. ముస్లింల మీద హత్యలు, లూటీలు జరిగాయి. స్త్రీలను ఎత్తుకుపోయారు. బలవంతాన మతం మార్పించారు. ఆ వార్తలు ఢిల్లీ చేరాక ప్రధాని నెహ్రూ ఒక బృందాన్ని పంపాడు. పండిట్ సుందర్‌లాల్, ఖాజీ అబ్దుల్ గఫార్, మౌలానా అబ్దుల్లా మిస్రీ అందులో సభ్యులు. ఖాజీ అబ్దుల్ గఫార్ హైదరాబాద్‌కు కొత్తవాడు కాదు, ఇక్కడ 'పయామ్' అనే ఉర్దూ పత్రిక నడిపినవాడు.

1948 నవంబరు 29న వచ్చి డిసెంబరు 21 దాకా వాళ్లు తిరిగారు. సంస్థానంలోని 16 జిల్లాల్లో తొమ్మిది చూశారు. తాము వెళ్లలేకపోయిన 109 ఊళ్ల నుంచి వచ్చిన అయిదు వందల మందికి పైగా మనుషులతో మాట్లాడారు. వాళ్ల అంచనా ప్రకారం చనిపోయినవాళ్లు తక్కువలో తక్కువ 27,000 నుంచి 40,000 మంది. అన్నిటికన్నా ఘోరంగా దెబ్బతిన్న జిల్లాలు నాలుగు - ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్. ఆ నాలుగింటిలోనే 18,000 మంది పోయారని రాశారు.

ఈ నివేదికను ప్రభుత్వం ప్రచురించలేదు. ఇక్కడ సుందర్‌లాల్ గురించి ఒక మాట చెప్పాలి. ఆయన 1929లో 'భారత్ మే అంగ్రేజీ రాజ్' అనే పుస్తకం రాస్తే తెల్లదొరల ప్రభుత్వం దాన్ని నిషేధించింది. ఇరవై ఏళ్ల తర్వాత అదే మనిషి రాసిన నివేదికను సొంత ప్రభుత్వం బీరువాలో పెట్టి తాళం వేసింది. 1988లో ఒమర్ ఖాలిదీ తన పుస్తకంలో కొన్ని భాగాలు బయటపెట్టాడు. పూర్తి పాఠం ఢిల్లీలోని నెహ్రూ స్మారక గ్రంథాలయంలో చదవడానికి దొరుకుతోందని 2013 నాటికి గానీ లోకానికి తెలియలేదు. ఆ తర్వాతే ఎ.జి. నూరానీ దాన్ని తన పుస్తకంలో అచ్చువేశాడు. మధ్యలో అరవై ఏళ్లకు పైగా గడిచాయి. చూసినవాళ్లు దాదాపు అందరూ పోయారు. ఈజిప్టులో సినిమా ఆపాలన్న ఆ పార్లమెంటు సభ్యుడు మనకు వింతగా కనిపించాడు. మన రాజ్యం చేసింది అంతకంటే పెద్ద పని. కథను కాదు, జరిగిన చరిత్రనే తెర మీదికి రానివ్వలేదు.

అయితే బల్ల మీద అందరూ ఫోన్లు పెట్టాలని అడిగేవాళ్లం మన ఫోను బోర్లించి పెట్టకూడదు. రజాకార్ల దురాగతాలు నిజం. బైరాన్‌పల్లిలో 1948 ఆగస్టులో జరిగిన ఊచకోత నిజం. ఖాసిం రజ్వీ ప్రసంగాలు నిజం. వాటిని తక్కువ చేసి చెబితే మనం కూడా బీరువాకు తాళం వేసినవాళ్లమే అవుతాం. కానీ ఆ పక్కనే ఉన్న పేరు కూడా చదవాలి. 'ఇమ్రోజ్' పత్రిక సంపాదకుడు షోయబుల్లా ఖాన్. సంస్థానం భారతదేశంలో కలవాలని, రజాకార్ల ఆగడాలు ఆగాలని రాసినందుకు 1948 ఆగస్టులో ఆయన్ని హైదరాబాద్ నడివీధిలో చంపేశారు. ఆయన ముస్లిం. రజాకార్ అన్న మాట వినగానే తలెత్తుకు తిరిగే ముస్లిం గుర్తొస్తాడు గానీ, రజాకార్లను ఎదిరించి ప్రాణం పోగొట్టుకున్న ముస్లిం ఎందుకు గుర్తురాడు? గుల్బర్గాలో, బీదర్‌లో చచ్చిపోయిన రైతుకూలీ సాయిబుకూ, రజ్వీకీ ఏమిటి సంబంధం? లేలె చేతిలో పెప్పె ఫోను ఉన్నట్టు, రజ్వీ ఫోను ఆ కూలీ చేతిలో పెట్టారు. దానిలో వచ్చిన ప్రతి సందేశానికీ అతనే జవాబు చెప్పాల్సి వచ్చింది. అతని మనవడు ఇంకా చెబుతూనే ఉన్నాడు.

రహస్యం బయటపడటం ఒకటి, తనంత తానుగా చెప్పుకోవడం ఇంకొకటి. మొదటిదానిలో మనిషి దొరికిపోతాడు. రెండోదానిలో మనిషి నిలబడతాడు. తెలుగులో ముస్లింలు ఆ రెండో పని చేసింది 1990లలో. ఖాదర్ మొహియుద్దీన్ 'పుట్టుమచ్చ' 1991లో వచ్చింది. మరుసటి ఏడు డిసెంబరు 6న బాబ్రీ మసీదు కూలింది. 1998లో స్కైబాబ సంపాదకత్వంలో 'జల్‌జలా' వచ్చింది. అంతకుముందు తెలుగు కథల్లో సాయిబు లేడని కాదు. బండి తోలేవాడిగా, మాంసం కొట్టేవాడిగా, వచ్చీరాని తెలుగుతో నవ్వించేవాడిగా ఉన్నాడు. తన ఇంటి లోపలి సంగతి తాను చెప్పేవాడిగా లేడు. తలాక్, పర్దా, పేదరికం, మనలోని దూదేకుల, లద్దాఫ్ తేడాలు - ఇవన్నీ ఎవరూ ఫోను లాక్కోకుండానే మనవాళ్లు బల్ల మీద పెట్టారు. దానికి మనలోనే కొందరికి కోపం వచ్చింది, బయట కొందరికి అనుమానం వచ్చింది. ఇన్నాళ్లూ లేని గుర్తింపు ఇప్పుడెందుకన్న దోస్తులూ ఉన్నారు. గుర్తింపు ఇన్నాళ్లూ ఉంది. వాళ్లకు వినిపించేలా చెప్పినవాళ్లు లేరు, అంతే.

ఇక ఆ బీరువాలోని నివేదిక దగ్గరికే మళ్లీ రావాలి. ఎందుకంటే అందులో చావుల లెక్క ఒక్కటే లేదు. చాలా ఊళ్లలో హిందువులు తమ పొరుగు ముస్లింలను, ఆడవాళ్లను, మగవాళ్లను, తమ ప్రాణాలు అడ్డం పెట్టి కాపాడారని సుందర్‌లాల్ బృందం రాసింది. ఒకే వృత్తి చేసుకునేవాళ్ల మధ్య ఈ బంధం మరీ గట్టిగా కనిపించిందని చెప్పింది. హిందూ నేతగాళ్లు ముస్లిం నేతగాళ్ల కోసం తమ మతంవాళ్లకే ఎదురు నిలిచారు, కొందరు ఆ పనిలో చచ్చిపోయారు. ఎత్తుకుపోయిన ముస్లిం స్త్రీలను వెతికి తేవడంలో సాయపడిన హిందువులూ ఎందరో ఉన్నారు.

ఒక్క క్షణం ఆగి ఆలోచించండి. నివేదికను దాచినవాళ్లు ఏం దాచారు? మత సామరస్యం చెడిపోతుందని దాచామనేవాళ్లు ఉంటారు. కానీ సామరస్యానికి అంతకన్నా గట్టి సాక్ష్యం ఎక్కడుంది? చంపినవాడి పేరు బయటికి రాకూడదనుకున్నారు, దాంతో కాపాడినవాడి పేరు కూడా రాకుండా పోయింది. పొరుగు సాయిబు కోసం మగ్గం వదిలి గుమ్మం ముందు నిలబడిన ఆ నేతగాడి మనవడికి తన తాత ఎంతటివాడో ఎవరూ చెప్పలేదు. ఇవాళ వాడి ఫోన్లోకి మన మీద విషం నింపిన సందేశం వస్తే, దాన్ని తిప్పికొట్టడానికి వాడి దగ్గర తాత కథ లేదు. ఆ కథ ఢిల్లీ బీరువాలో అరవై ఏళ్లు ఉంది. ఈ దేశం ముస్లింల దుఃఖాన్ని దాచిందని మనం అంటున్నాం, అది సగమే. హిందువుల మంచితనాన్ని కూడా దాచింది.

ఇటాలియన్ సినిమా చివర్లో ఒక ప్రశ్న మిగులుతుంది. ఆట ఆడకుండా ఉండి ఉంటే బాగుండేదా? ఆ ఏడుగురి సంగతి ఏమోగానీ, మన విషయంలో జవాబు స్పష్టం. మన ఆట ఒకవైపే ఆడారు కాబట్టే ఇంత చేటు జరిగింది. వీధిలో పోయే పిల్లవాడి ఫోను వెతకడం ఆపాలి. అది అతని హక్కు, సుప్రీంకోర్టు చెప్పిన హక్కు. రాజ్యం బీరువాలు తెరవాలి, అది మన హక్కు. వ్యక్తి రహస్యానికి కాపలా ఉండాలి, చరిత్ర రహస్యానికి ఉండకూడదు. ఇప్పుడు మన దగ్గర జరిగేది సరిగ్గా దీనికి తలకిందులు.

1948 గురించి తాండూరు గుడిసెల్లో, కొడంగల్ గల్లీల్లో, దౌల్తాబాద్ అరుగుల మీద పెద్దవాళ్ల నుంచి విన్న మాటలు ఇంకా కొందరి దగ్గర మిగిలే ఉంటాయి. ఆ మాటలను రెండు మతాల పిల్లలూ కలిసి కూర్చుని రాసుకోవాలి. రజాకారు చేసిందీ రాయాలి, లూటీ చేసినవాడు చేసిందీ రాయాలి, గుమ్మానికి అడ్డం నిలబడినవాడు చేసిందీ రాయాలి. ఈ మూడూ ఒకే కాగితం మీదికి వచ్చిననాడు దోస్తు అన్న మాటకు పూర్తి అర్థం వస్తుంది. అప్పటిదాకా అది మనం రోజూ వాడుకునే మాట మాత్రమే.